పదిహేడో సీటు

మామూలుగా నడిపితే ఎర్ర.
డీబగ్గర్ పెట్టి నడిపితే పచ్చ.
మూడు రాత్రుల నుంచీ ఇదే వరస.
చూస్తున్నంతసేపూ బుద్ధిమంతుడు,
కళ్ళు తిప్పితే దొంగ,
చెకింగ్ స్క్వాడ్ ఎక్కిన బస్సులో
కండక్టర్ లాగ.

బ్రాడీపేట నాలుగో లైను, జిరాక్స్ షాపు మీద గది.
కింద షట్టరు దించేసి చాలాసేపయింది.
అరండల్‌పేట వైపు గూడ్సు ఒకటి
ఆగి, కూతేసి, మళ్ళీ ఆగింది.
దోమల బ్యాటు చార్జింగులో ఉంది,
దోమలు నా కాళ్ళ మీద.

టెస్టులో ఇద్దరే మనుషులు.
పేర్లు నేను పెట్టినవే: మస్తాన్‌వలి, నాంచారమ్మ.
బస్సొకటే, గుంటూరు–బెజవాడ నాన్‌స్టాప్.
సీటొకటే, పదిహేడు, కిటికీ పక్క.
ఇద్దరూ ఒకే క్షణాన అడగాలి,
ఒకరికి టిక్కెట్టు, ఒకరికి లేదు. అంతే.
నా ప్రోగ్రాం ఒక్కోసారి ఇద్దరికీ ఇచ్చేస్తుంది,
చేతికి ఎముక లేనట్టు.
ఒక్కోసారి ఇద్దరినీ ఎరగనంటుంది.

ఇరవై మూడో లైన్లో ఎర్ర చుక్క పెట్టాను.
లోకం ఆగింది.
ఫుట్‌బోర్డు మీద మస్తాన్‌వలి ఒక కాలు,
కొంగుముడి విప్పుతూ సగంలో నాంచారమ్మ.
ఒక్కో లైనూ నడిపించాను,
అప్పుడే సిమెంటుకట్టు విప్పిన కాలితో నడిచినట్టు.
అతను ఎక్కాడు. కూర్చున్నాడు.
ఆ తర్వాత ఆమె వచ్చింది. సీటు లేదన్నారు.
పచ్చ.
అవును మరి, ఒకరి వెనక ఒకరొస్తే
కొట్టుకునేదెవరు?
నేను చూడటమే వాళ్ళకి క్యూ నేర్పింది.

ఇంకోసారి మస్తాన్‌వలిని ఆపి
జేబులో ఏముందో చూడబోతే
ఎడిటర్ అడుగున సన్నగా ఒక వాక్యం:
పదకొండో థ్రెడ్ ఇప్పుడు లేదు.
లేకపోవడమేంటి?
ఇప్పుడేగా కాలు పెట్టాడు!
టిక్కెట్టు అందిందో లేదో చెప్పకుండా,
కేకైనా వెయ్యకుండా.
రాత్రి ఒంటిగంటన్నరకి
అసలు లేని మనిషి కోసం బెంగపడ్డాను,
నవ్వకండి.

ఈ కోడు మొదట రాసిన దయానిధి గారు
ఇప్పుడే కంపెనీలో ఉన్నారో తెలీదు.
ఒక కామెంటు వదిలి వెళ్ళారు:
"ఇక్కడ అర సెకను ఆగు. ఎందుకో అడగొద్దు.
ఆగితే పనిచేస్తుంది."
పోయిన శుక్రవారం దాన్ని కొట్టేసింది నేనే.
చదువుకున్నదాన్ని కదా.

మళ్ళీ పెట్టేస్తే పోయేది.
చెయ్యి అటే వెళ్ళింది.
లేచి టీ పెట్టుకున్నాను. పాలు విరిగాయి.

విరిగిన పాలు చూస్తూ నిలబడ్డప్పుడు తట్టింది:
ఇద్దరినీ బస్సుకి పంపిన టెస్టు
వాళ్ళొచ్చేదాకా ఆగట్లేదు.
లెక్క చూసుకుని, తాళం వేసుకుని పోతోంది.
పదకొండో థ్రెడ్ పారిపోలేదు,
అది లోపలుండగానే ఇల్లు ఖాళీ చేశాం.

ఒక మాట చేర్చాను: ఇద్దరూ వచ్చేదాకా ఆగు.
అర సెకను కాదు. వచ్చేదాకా.
మళ్ళీ ఎర్రే, కానీ ఇది నమ్మదగిన ఎర్ర:
పదిహేడులో ఇద్దరూ కూర్చున్నారు, ఒళ్ళో ఒళ్ళు.

ఇక సీటు సంగతి
గుంటూరు బస్టాండు ఎరిగినదానికి ఎవరు నేర్పాలి?
బస్సు ఆగకముందే కిటికీలోంచి
జేబురుమాలు విసిరెయ్యడమే.
గుడ్డ పడ్డ సీటు జోలికి
పోకిరీలు కూడా పోరు.
పుస్తకాల్లో దీన్ని లాక్ అంటారు.
దిగేటప్పుడు గుడ్డ తీసుకోమనీ రాశాను,
మర్చిపోతే ఆ సీటు జన్మంతా ఖాళీయే,
చుట్టూ జనం నిలబడి.

తెల్లవారుజామున నాలుగింటికి
డీబగ్గర్ మూసేసి, అటు చూడకుండా,
వరసగా నూరుసార్లు నడిపాను.
నూరూ పచ్చే.
యాభైమూడుసార్లు నాంచారమ్మ కూర్చుంది,
నలభైయేడుసార్లు మస్తాన్‌వలి.
రెండోవాళ్ళు మంగళగిరి దాటేదాకా
రాడ్డు పట్టుకుని నిలబడే ఉంటారు.

కొట్టేసిన కామెంటు వెనక్కి తెచ్చి
దాని కింద ఒక్క ముక్క రాశాను:
"అడిగాను."

నూటొకటోసారి మాత్రం నడపలేదు.